లెక్కల టీచర్‌కు ఇంగ్లండు పీజీసీఈ: అడ్మిషన్, స్టూడెంట్ వీసా గురించి బెంగళూరు వాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

కేఆర్‌పురం టీచర్ | 2025 నవంబరు 22

అందరికీ నమస్కారం. కృష్ణరాజపురం దగ్గర ఒక సీబీఎస్‌ఈ బడిలో ఆరు నుంచి పదో తరగతి వరకు లెక్కలు చెబుతున్నాను. బి.ఎస్సీ ఎంపీసీ, ఆ తరువాత రెండేళ్ళ బి.ఎడ్, రెండూ రాయలసీమలోనే చదివాను. మావారు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. పాప నాలుగో తరగతి.

ఇంగ్లండులో లెక్కల టీచర్లకు కొరత ఉందనీ, అక్కడి ప్రభుత్వ బడుల్లో చెప్పాలంటే సాధారణంగా క్యూటీఎస్ (క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్) అనే అర్హత అడుగుతారనీ విన్నాను. దానికోసం పీజీసీఈ అనే అక్కడి టీచర్ శిక్షణ కోర్సు చేద్దామని ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. వాళ్ళు పీజీసీఈ మాటే ఎత్తనివ్వలేదు. ఎంఏ ఎడ్యుకేషన్ చేయండి, అది కూడా టీచర్ కోర్సే, జనవరిలోనే పంపిస్తాం అన్నారు. ఆ రోజు నుంచి ఫీజు కట్టమని రోజూ ఫోన్లు చేస్తున్నారు.

నాకు తెలియాల్సినవి చాలా ఉన్నాయి. ఎంఏతో నిజంగా టీచర్ కావచ్చా? పీజీసీఈకి మొత్తం ఖర్చు ఎంతవుతుంది, బ్యాంకులో ఎంత చూపించాలి? నా పదో తరగతి మెమోలో ఇంగ్లీషు థర్డ్ లాంగ్వేజ్ అని ఉంటుంది, అది అడ్డం వస్తుందా? అన్నిటికన్నా ముఖ్యం, పాపను వెంట తీసుకెళ్ళవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి రాయండి.

లీడ్స్ మాష్టారు | నవంబరు 22

మేడం, ముందు ఆ ఫీజు కట్టకండి. మిగతావన్నీ తరువాత మాట్లాడుకుందాం.

నేను బెంగళూరులో ఫిజిక్స్ చెప్పి, ఇక్కడ పీజీసీఈ చేసి, ఇప్పుడు సెకండరీ బడిలో పనిచేస్తున్నాను. ఎంఏ ఎడ్యుకేషన్ మంచి చదువే. విద్యా విధానాల మీద, పరిశోధన మీద ఆసక్తి ఉన్నవారికి బాగా పనికొస్తుంది. కానీ అది పూర్తయ్యాక మీ చేతికి క్యూటీఎస్ రాదు. అందులో మిమ్మల్ని నెలల తరబడి బడికి పంపి, పాఠం చెప్పించి, ఒక మెంటర్ పక్కన కూర్చుని చూసే ఏర్పాటు ఉండదు. మన వాళ్ళు ఎంతోమంది ఇరవై లక్షలు పోసి ఈ కోర్సు చదివి, ఇక్కడ బడుల్లో టీచింగ్ అసిస్టెంటు పనికి దరఖాస్తులు పెడుతుంటే చూడలేకపోతున్నాను. ఆ కన్సల్టెన్సీ మీకు అబద్ధం చెప్పింది. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను.

కోర్సు పేరులో "పీజీసీఈ విత్ క్యూటీఎస్" అని స్పష్టంగా ఉండాలి. పీజీసీఈ ఇంటర్నేషనల్, పీజీసీఈఐ అంటూ ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చేసేవి ఉన్నాయి. వాటితో బెంగళూరు ఇంటర్నేషనల్ స్కూళ్ళలో మెరుగైన ఉద్యోగం రావచ్చు కానీ క్యూటీఎస్ రాదు, వాటికి స్టూడెంట్ వీసా అవసరమే పడదు.

అప్లికేషన్ ఇంగ్లండు విద్యాశాఖ సొంత సైటులోనే పెట్టుకోవాలి. ఏటా అక్టోబరులో తెరుస్తారు. ఒకేసారి నాలుగు కోర్సులకు పెట్టుకోవచ్చు. వెతికేటప్పుడు స్టూడెంట్ వీసా స్పాన్సర్ చేసే కోర్సులు మాత్రమే కనిపించేలా ఎంచుకునే వీలుంది, తప్పకుండా అది ఎంచుకోండి. చిన్న శిక్షణ సంస్థలు చాలావాటికి స్పాన్సర్ లైసెన్సు ఉండదు. సీట్లు నిండిన కోర్సును మూసేస్తారు కాబట్టి 2026 సెప్టెంబరుకు వెళ్ళాలంటే సంక్రాంతిలోపు పెట్టేయడం మంచిది. దీనికి కన్సల్టెన్సీ అక్కర్లేదు. రూపాయి ఖర్చు లేకుండా మీరే పెట్టుకోవచ్చు.

సీమ ఫిజిక్స్ | నవంబరు 23

మాష్టారూ, నమస్తే. నేను అనంతపురం వాణ్ణి, ఎం.ఎస్సీ ఫిజిక్స్, మారతహళ్ళిలో ఉంటాను, పోటీ పరీక్షల కోచింగ్ సెంటరులో చెబుతున్నాను. బి.ఎడ్ లేదు. నాలాంటివాడికి పీజీసీఈ దొరుకుతుందా? కోచింగ్ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా?

లీడ్స్ మాష్టారు | నవంబరు 23

తమ్ముడూ, నిజానికి పీజీసీఈ ఉన్నదే నీలాంటివారి కోసం. డిగ్రీ చేతిలో ఉండి, బడిలో చెప్పే శిక్షణ లేనివారికి అది మొదటి మెట్టు. కోచింగ్ అనుభవం చెప్పుకో, కానీ దాని మీదే ఆధారపడవద్దు. వాళ్ళకు కావలసింది పదకొండు పన్నెండేళ్ళ పిల్లలున్న తరగతి గది నీకు తెలుసా అన్నది. ఏదైనా బడిలో అనుమతి తీసుకుని రెండు వారాలు వెనక బెంచీలో కూర్చుని పాఠాలు చూడు. ఏం గమనించావో నోటుబుక్కులో రాసుకో. అప్లికేషన్‌లో నీ గురించి రాసే పర్సనల్ స్టేట్‌మెంటులో దాని గురించి రాయి.

హెబ్బాళ పత్రాలు | నవంబరు 23

విదేశీ చదువులకు వెళ్ళేవారి పత్రాలు చూసే పనిలో ఏళ్ళుగా ఉన్నాను. డబ్బు విషయం నేను చెబుతాను, ఎందుకంటే మంచి అప్లికేషన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

యూనివర్సిటీ అన్ని షరతులూ పూర్తయ్యాక సీఏఎస్ అనే నంబరు ఇస్తుంది, సీటు ఖాయమైందని వీసా వాళ్ళకు చూపేది అదే. అది వచ్చాకే వీసాకు పెట్టాలి. బ్యాంకులో చూపాల్సినది రెండు భాగాలు: మొదటి ఏడాది ఫీజులో ఇంకా కట్టని మొత్తం, దానిపైన నెలకింత చొప్పున తొమ్మిది నెలల జీవన ఖర్చు. 2025 నవంబరు 11 నుంచి ఆ నెలవారీ మొత్తం పెరిగింది. లండన్‌లో 1,529 పౌండ్లు, బయట 1,171 పౌండ్లు. అంటే లండన్ బయటైతే 10,539 పౌండ్లు, లండన్‌లో 13,761. పౌండు 117 రూపాయలనుకుంటే లండన్ బయటి లెక్క పన్నెండు లక్షల పైచిలుకు. పీజీసీఈ ఫీజు విదేశీయులకు చాలాచోట్ల 15 వేల పౌండ్ల పైనే ఉంటుంది.

2025లో వీసా ఫీజు 524 పౌండ్లు. దానితోపాటు ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. పీజీసీఈ పది నెలలే అయినా వీసా దానికి ముందూ వెనకా కొంత కలిపి ఇస్తారు, మొత్తం ఏడాది దాటుతుంది. ఏడాది పైన ఆరు నెలల్లోపు ఉంటే ఇంకో సగం కట్టాలి. అంటే 1,164 పౌండ్లు. అన్నీ కలిపితే ముప్పై లక్షలు దాటుతుందనుకునే బయల్దేరండి.

ఆ డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, మధ్యలో ఒక్క రోజు కూడా తగ్గకూడదు. ఆ 28 రోజులు ముగిసిన తేదీ నుంచి 31 రోజుల్లోపు వీసాకు పెట్టాలి. మీ ఖాతా కావచ్చు, అమ్మానాన్నలది కావచ్చు. వాళ్ళదైతే బంధుత్వం చూపే జనన ధ్రువపత్రం, సమ్మతి లేఖ కావాలి. మామగారి ఖాతా, అన్నగారి ఖాతా పనికిరావు. వాళ్ళు ఇచ్చేదేదైనా ముందుగానే మీ ఖాతాలోకి రావాలి. పొలం విలువ పత్రం, బంగారం, షేర్లు, పీఎఫ్ నిల్వ, ఇవేవీ చూడరు. చిట్టీ పాడుకుందాం అనుకునేవాళ్ళు ఆ డబ్బు చేతికొచ్చే నెలను బట్టి వెనక్కి లెక్క వేసుకోండి. ఎడ్యుకేషన్ లోన్ అయితే బ్యాంకు మంజూరు లేఖ చాలు, 28 రోజుల గొడవ ఉండదు, కానీ లేఖ మీ పేరునే ఉండాలి. పైగా లోన్ డబ్బు పంపితే టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కోత లేదు. సొంత డబ్బు ఏడాదిలో పది లక్షలు దాటి పంపితే బ్యాంకు టీసీఎస్ పట్టుకుంటుంది. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటికప్పుడు చేతిలో ఉండాలి.

కేఆర్‌పురం టీచర్ | నవంబరు 24

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. పాప సంగతి ఎవరూ రాయలేదు. దాని గురించే నాకు నిద్ర పట్టడం లేదు.

కావేరి | నవంబరు 24

అక్కా, ఎవరూ రాయకపోవడానికి కారణం అది చెప్పడానికి బాగుండదనేమో. నేను చెబుతాను. 2024 జనవరి నుంచి మొదలైన కోర్సులకు స్టూడెంట్ వీసా మీద భర్తనూ పిల్లలనూ తీసుకెళ్ళడం ఆపేశారు, పీహెచ్‌డీ లాంటి పరిశోధన కోర్సులకు తప్ప. పీజీసీఈ అందులోకి రాదు. పాప మీతో రాలేదు.

చదువు అయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా తీసుకుంటే అప్పుడైనా తెచ్చుకోవచ్చు కదా అని కొందరు ఏజెంట్లు అంటారు. అదీ కాదు. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉండగలిగేది అంతకుముందే డిపెండెంటుగా ఉన్నవాళ్ళు మాత్రమే. మీరు ఉద్యోగం ఇచ్చినవాళ్ళు స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకు మారే వరకు కుటుంబానికి దారి లేదు. నాలుగో తరగతి పాప ఆరో తరగతికి వచ్చేస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి నిర్ణయం తీసుకోవడం వేరు, హీత్రూలో దిగాక తెలియడం వేరు. మా వాళ్ళలో ఒకావిడ ఇలాగే వెళ్ళింది, ఆవిడ ఏజెంటు ఈ ఒక్క ముక్కా చెప్పలేదు.

కానీ అక్కా, మీరు రాసిన మొదటి పోస్టు మళ్ళీ చదివాను. లెక్కలు, ఆరు నుంచి పది, బి.ఎడ్ ఉంది, అనుభవం ఉంది. మీకు పీజీసీఈ అసలు ఎందుకు?

2023 ఫిబ్రవరి నుంచి భారతదేశంలో శిక్షణ పొందిన టీచర్లు నేరుగా క్యూటీఎస్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మనతోపాటు నైజీరియా, ఘనా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా, సింగపూర్ లాంటి కొన్ని దేశాలను అప్పుడే చేర్చారు. మన విషయంలో పరిమితి ఉంది: లెక్కలు, సైన్సు, భాషలు, వీటిలో ఒకటి 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు చెప్పే శిక్షణ అయి ఉండాలి. మీ బి.ఎడ్‌లో మెథడాలజీ లెక్కలే అయితే సరిగ్గా సరిపోతుంది. డిగ్రీ, బి.ఎడ్ పత్రాలు, కనీసం తొమ్మిది నెలలు టీచరుగా పనిచేసినట్టు ఆధారం అడుగుతారు. దరఖాస్తుకు ఫీజు లేదు. ముప్పై లక్షలకు బదులు ఉచితం. ఇది ఏ కన్సల్టెన్సీ చెప్పదు, ఎందుకంటే ఇందులో వాళ్ళకు కమిషన్ ఇచ్చే యూనివర్సిటీ ఏదీ లేదు.

క్యూటీఎస్‌తో బడి ఉద్యోగం దొరికితే స్కిల్డ్ వర్కర్ వీసా. దాని మీద భర్త, పాప మొదటి రోజు నుంచే రావచ్చు.

సోషల్ మేడం | నవంబరు 24

నాది సోషల్. అంటే నాకు ఈ దారి లేదన్నమాటేనా?

కావేరి | నవంబరు 24

ప్రస్తుతానికి లేదండీ. సోషల్, కామర్స్, ప్రైమరీ టీచర్లకు పీజీసీఈ, లేదా ఐక్యూటీఎస్ అనే ఇంకో శిక్షణ, దాని గురించి కింద ఎవరైనా రాస్తారేమో.

లీడ్స్ మాష్టారు | నవంబరు 25

కావేరి గారు చెప్పిన నియమాలన్నీ నిజం. కానీ ఆవిడ చెప్పినంత తేలిక కాదని మేడంకు తెలియాలి.

క్యూటీఎస్ వీసా కాదు, ఉద్యోగమూ కాదు. అది చేతిలో పెట్టుకుని బెంగళూరు నుంచి దరఖాస్తులు పెడితే, ఇక్కడి హెడ్‌టీచర్ ముందు రెండు ప్రశ్నలుంటాయి. మా బడికి స్పాన్సర్ లైసెన్సు ఉందా? ఈ మనిషి ముప్పైమంది అల్లరి పిల్లలున్న తొమ్మిదో తరగతిని సముదాయించగలదా? లైసెన్సు లేని బడులు బోలెడు. ఇక రెండో ప్రశ్నకు వీడియో ఇంటర్వ్యూలో సమాధానం చెప్పడం కష్టం. ఇక్కడ పిల్లవాడు పుస్తకం తెరవనని మొండికేస్తే చెయ్యెత్తే వీల్లేదు, గట్టిగా అరవడం కూడా తప్పే. బడి నియమావళి ప్రకారం ఒక హెచ్చరిక, రెండో హెచ్చరిక, తరువాత గదిలోంచి పంపడం. ఆ పద్ధతి నాకు ఒంటపట్టడానికి పీజీసీఈలో బడిలో గడిపిన కాలం ఎంతో ఉపయోగపడింది. కనీసం రెండు బడుల్లో, మొత్తం 120 రోజుల దాకా ఉంటాం. మెంటర్ వారం వారం కూర్చోబెట్టి చెబుతుంది. ఉద్యోగం కూడా చాలామందికి ప్రాక్టీసు చేసిన బడిలోనే దొరుకుతుంది. ముప్పై లక్షలకు వచ్చేది ఆ పరిచయం, ఆ శిక్షణ.

కావేరి | నవంబరు 25

మాష్టారూ, ఆ శిక్షణ విలువను నేను కాదనడం లేదు. కానీ మీరు 2023కు ముందు వెళ్ళారనుకుంటాను. ఇప్పుడు వెళ్ళేవారి లెక్క వేరు. గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళు ఉండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. 2026 సెప్టెంబరులో చేరినవారికి పీజీసీఈ 2027 వేసవిలో అయిపోతుంది, అంటే వాళ్ళంతా 18 నెలల వాళ్ళే. కొత్త టీచరు ఉద్యోగంలో చేరాక పూర్తి చేయాల్సిన ఇండక్షన్ రెండు విద్యా సంవత్సరాలు. పద్దెనిమిది నెలల్లో అది పూర్తి కాదు. మధ్యలో బడి స్పాన్సర్ చేయక తప్పదు. అంటే పీజీసీఈ చేసినా చివరికి అదే బడి తలుపు తట్టాలి, స్పాన్సర్ చేస్తారా అని అడగాలి. మీరు అన్న మొదటి ప్రశ్న వాళ్ళనూ వదలదు. అలాంటప్పుడు ముప్పై లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని, పాపను రెండేళ్ళు వదిలి అడగాలా, ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ అడగాలా?

లీడ్స్ మాష్టారు | నవంబరు 25

ఆ 18 నెలల లెక్క సరైనదే. బి.ఎడ్, అనుభవం ఉన్న లెక్కల, సైన్సు టీచర్లు ముందు క్యూటీఎస్‌కే పెట్టాలన్న దానికి నేను ఒప్పుకుంటున్నాను. మన అనంతపురం తమ్ముడి లాంటివారికి మాత్రం పీజీసీఈయే దారి. అతనికీ ఆ 18 నెలలు ఇప్పుడే తెలియడం మంచిదైంది.

జీతం గురించి కూడా చెప్పాలి. 2025-26 విద్యా సంవత్సరంలో లండన్ బయట కొత్త టీచరు మొదటి మెట్టు ఏడాదికి 32,916 పౌండ్లు. పన్ను, పెన్షన్ కోత, అద్దె పోగా మిగిలేదానితో లోన్ తీర్చడానికి ఏళ్ళు పడుతుంది. ఏజెంటు బోర్డు మీద కనిపించే అంకెను పన్నెండుతో భాగించి సంతోషపడవద్దు.

విశ్రాంత హెచ్.ఎం., చెన్నై | నవంబరు 26

అమ్మా, నేను చెన్నైలో తెలుగు మాధ్యమం బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఏటా ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులు విదేశాలకు వెళ్తూ పత్రాల కోసం నా దగ్గరకు వస్తారు. నువ్వు అడిగిన థర్డ్ లాంగ్వేజ్ సంగతికి వస్తాను.

పీజీసీఈకి ఇంగ్లీషు, లెక్కలు రెండింటిలో వాళ్ళ పదో తరగతి పరీక్ష లాంటి జీసీఎస్‌ఈ నాలుగో గ్రేడుకు సమానమైన స్థాయి కావాలి. ప్రైమరీ అయితే సైన్సు కూడా. ఆంధ్ర ఎస్సెస్సీ మెమోలో మొదటి భాష తెలుగు, రెండోది హిందీ, మూడోది ఇంగ్లీషు. ఆ మెమో చూసిన విదేశీ ఉద్యోగి, ఈమె ఇంగ్లీషును ఏదో ఐచ్ఛిక భాషలా చదివిందేమో అనుకుంటాడు. నా విద్యార్థిని ఒకమ్మాయికి అలాగే ప్రశ్న వచ్చింది. మేము చేసింది ఇది: త్రిభాషా సూత్రంలో ఆ వరుస భాషల స్థానాన్ని చెబుతుంది తప్ప స్థాయిని కాదని, ఇంగ్లీషు ఆరో తరగతికి ముందు నుంచీ తప్పనిసరి పాఠ్యాంశమని, వందకు ఎన్ని మార్కులో చెబుతూ బడి లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాసి, ఇంటర్ ఇంగ్లీషు మార్కులు కూడా జతచేసి పంపాం. దానితోపాటు విదేశీ చదువులను అక్కడి చదువులతో పోల్చి చెప్పే యూకే ఎనిక్ వారి సమానత పత్రం పెట్టింది. వాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోని యూనివర్సిటీలు సమానత పరీక్ష రాయమంటాయి, అదీ కష్టమేమీ కాదు. లెటర్ మీ బడి నుంచి ఇప్పుడే తెచ్చిపెట్టుకో. పాత హెచ్.ఎం. మారిపోతే కొత్తవారికి నువ్వెవరో తెలియదు.

ఇంకొకటి, పేరు. మన మెమోల్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. డిగ్రీలో అదే అక్షరం పేరు వెనక్కి పోతుంది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్ళయ్యాక తీసుకుంటే భర్త ఇంటిపేరు. ఒకే మనిషికి నాలుగు పత్రాల్లో నాలుగు పేర్లు. సీఏఎస్ పాస్‌పోర్టు పేరుతోనే రావాలి. అప్లికేషన్ మొదటి రోజు నుంచీ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయి, తేడా ఉన్న ప్రతి పత్రానికీ అందరూ ఒకే వ్యక్తి అని నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధం చేసుకో. పెళ్ళి ధ్రువపత్రం కూడా.

కేఆర్‌పురం టీచర్ | నవంబరు 26

సార్, మీకు నమస్కారాలు. నా మెమోలో ఒక పేరు, పాస్‌పోర్టులో మావారి ఇంటిపేరు. మీరు నా పత్రాలు చూసి రాసినట్టే ఉంది.

మెల్బోర్న్ దారి | నవంబరు 27

ఇంగ్లండు ఒక్కటే కాదు, ఆస్ట్రేలియా గురించి కూడా కొంచెం. అక్కడా ఇదే తికమక ఉంది. మాస్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్ చదివితే టీచర్ కాలేరు, మాస్టర్ ఆఫ్ టీచింగ్ చదవాలి. రెండేళ్ళ కోర్సు, కనీసం 60 రోజుల బడి ప్రాక్టీసు, దానికి తోడు లాంటైట్ అనే అక్షరాస్యత, లెక్కల పరీక్ష. స్టూడెంట్ వీసా సబ్‌క్లాస్ 500 ఫీజు 2025 జులై నుంచి 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, వీసా వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఏడాది జీవన ఖర్చుకు చూపాల్సింది 29,710 డాలర్లు. కుటుంబాన్ని తీసుకెళ్ళే వీలుంది కానీ వాళ్ళకూ విడిగా డబ్బు చూపాలి.

బి.ఎడ్ ఉన్నవారు అక్కడా చదవకుండానే టీచర్ల అర్హతలు చూసే ఎయిట్‌సిల్ అనే సంస్థ దగ్గర నైపుణ్య అంచనా చేయించుకోవచ్చు. నాలుగేళ్ళ ఉన్నత విద్య, అందులో ఏడాది టీచర్ శిక్షణ, కనీసం 45 రోజుల పర్యవేక్షణలో ప్రాక్టీసు టీచింగ్ ఉండాలి. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో చదవడం, రాయడం 7, మాట్లాడడం, వినడం 8. ఈ ఎనిమిది దగ్గరే చాలామంది ఆగిపోతారు. 45 రోజులకు కాలేజీ లేఖ కావాలి. కొత్త రెండేళ్ళ బి.ఎడ్‌లో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. పాత ఏడాది బి.ఎడ్ వాళ్ళు, కాలేజీలు మూతపడకముందే ఆ లేఖ తెచ్చుకోండి. నేను తిరిగిన కాలేజీలో రిజిస్టరు దొరకడానికే నానా అవస్థ పడ్డాను. రోజుల సంఖ్య, బడి పేరు, తరగతి, సబ్జెక్టు నాలుగూ ఉండాలి. "సంతృప్తికరంగా పూర్తి చేసింది" అని మాత్రమే రాసిస్తే చెల్లదు.

సీమ ఫిజిక్స్ | నవంబరు 29

రెండు యూనివర్సిటీలకు పెట్టాను. ఒకదాని నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. పది నిమిషాల చిన్న పాఠం చెప్పి చూపించమన్నారు. "పిల్లల భద్రత మీద ప్రశ్నలుంటాయి" అని ఈమెయిల్లో ఉంది. ఏం అడుగుతారు?

లీడ్స్ మాష్టారు | నవంబరు 29

తమ్ముడూ, నీ ఇంటర్వ్యూలో దీనికే ఎక్కువ బరువు. ఫిజిక్స్ బాగా వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ జారతారు. సాధారణంగా ఇలా ఉంటుంది: క్లాసు అయ్యాక ఒక పిల్ల నీ దగ్గరకు వచ్చి, సార్, మీకు ఒక మాట చెబుతాను, ఎవరికీ చెప్పనని మాటిస్తారా అంటుంది. నువ్వేం చేస్తావు?

మన ఊళ్ళో మంచి మాష్టారు సరేనమ్మా చెప్పు అంటాడు. లేదా సాయంత్రం తల్లిదండ్రులను పిలిపిస్తాడు. రెండూ అక్కడ తప్పు సమాధానాలే. ఎవరికీ చెప్పననే మాట ఇవ్వకూడదు. నీకు సాయం చేయగలిగినవారికి చెప్పాల్సి రావచ్చమ్మా అని నెమ్మదిగా చెప్పాలి. ఆ పిల్ల చెప్పింది వినాలి, గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయకూడదు, సమాధానం మనం అందించకూడదు. ఆ పిల్ల వాడిన మాటలనే తేదీ, సమయంతో రాసుకుని, బడిలో పిల్లల భద్రత బాధ్యత చూసే అధికారికి అదే రోజు అప్పగించాలి. తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా అన్నది ఆ అధికారి నిర్ణయం, ఎందుకంటే హాని ఇంట్లోనే జరుగుతూ ఉండవచ్చు.

ఇది ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టవద్దు. మన దగ్గర కూడా 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. నువ్వు ఇప్పుడున్న కోచింగ్ సెంటరులోనూ ఇది వర్తిస్తుంది.

చిన్న పాఠానికి ఒకే ఒక్క విషయం తీసుకో. పదకొండేళ్ళ వాళ్ళకు వేగానికీ త్వరణానికీ తేడా, అంతే. నువ్వు చెప్పిన దాన్లో ఎంత అర్థమైందో ఎలా కనుక్కుంటావన్నదే వాళ్ళు చూస్తారు.

వైట్‌ఫీల్డ్ ఇంటర్నేషనల్ | నవంబరు 30

సోషల్ మేడం గారికి: పైన కావేరి గారు ఐక్యూటీఎస్ అన్నారు కదా. అది కొన్ని ఇంగ్లండు యూనివర్సిటీలు నడిపే శిక్షణ, 2022లో మొదలైంది. మన దేశంలోనే ఇంగ్లీషు మాధ్యమం బడిలో ప్రాక్టీసు చేస్తూ చదువుతారు, వీసా అక్కర్లేదు. పూర్తయ్యాక క్యూటీఎస్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సబ్జెక్టు పరిమితి అడ్డు రాదు. మా బడిలో ఒక హిస్టరీ టీచరు ఇదే చేస్తోంది. మీ బడి యాజమాన్యం మెంటరును ఇవ్వడానికి ఒప్పుకోవాలి, చాలాచోట్ల ముడి పడేది అక్కడే. బ్రిటిష్ పాఠ్యక్రమం ఉన్న బడులు త్వరగా ఒప్పుకుంటాయి.

సోషల్ మేడం | నవంబరు 30

చాలా మంచి కబురు చెప్పారండీ. సోమవారమే మా ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను.

కేఆర్‌పురం టీచర్ | డిసెంబరు 6

ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. పాపను వదిలి వెళ్ళను, అది నిశ్చయం. క్యూటీఎస్ దరఖాస్తు మొదలుపెట్టాను. బి.ఎడ్ మార్కుల పత్రంలో మెథడాలజీ ఒకటి లెక్కలు, రెండు ఫిజికల్ సైన్సు అని స్పష్టంగా ఉంది. అనుభవ పత్రం మా ప్రిన్సిపాల్ గారు ఆరు నుంచి పది తరగతులు అని విడిగా రాసి ఇచ్చారు. ఉద్యోగం దొరికేలోపు ఇక్కడి తరగతిలోనే మాష్టారు చెప్పిన హెచ్చరికల పద్ధతి అలవాటు చేసుకుంటున్నాను, అరవడం మానేశాను. ఒక్క సందేహం. పాస్‌పోర్టు చిరునామా కడపది, ఉంటున్నది ఇక్కడ. ఉద్యోగం వస్తే పోలీసు క్లియరెన్సు కోసం కడప వెళ్ళాలా?

హెబ్బాళ పత్రాలు | డిసెంబరు 6

అక్కర్లేదు మేడం. పాస్‌పోర్టు సేవ సైటులో ఇప్పటి చిరునామాతో పెట్టుకోండి. మీకు మారతహళ్ళి పాస్‌పోర్టు సేవా కేంద్రం దగ్గర. అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు, ఆధార్ ఈ చిరునామాకు మార్చుకుని ఉంటే విచారణ ఇక్కడి స్టేషను నుంచే జరుగుతుంది. తొందరపడి ఇప్పుడే తీసుకోకండి, ఉద్యోగం ఖాయమయ్యాక తీసుకుంటే చాలు. క్షయ పరీక్ష కూడా అంతే. బ్రిటిష్ వీసా కోసం గుర్తించిన క్లినిక్కులోనే చేయించాలి, ఆ పత్రం ఆరు నెలలే చెల్లుతుంది. పాపకు కూడా విడిగా అపాయింట్‌మెంటు తీసుకోండి.